చిన్న ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో డోసు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆపాలి

అమ్మా, మీరు రాసినదంతా చదివాను. డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమా) పూర్తిచేసి కావలిలో యాభై పడకల ఆసుపత్రిలో కొత్తగా చేరారు. ఒక డీఆర్ (డిజిటల్) ఎక్స్‌రే, వార్డులకు తోసుకెళ్ళే పాత 100 ఎంఏ (మిల్లీ ఆంపియర్ల) మొబైల్ ఎక్స్‌రే ఒకటి, ఎముకల థియేటర్లో ఆపరేషన్ చేస్తుండగానే బొమ్మ చూపించే సి-ఆర్మ్ ఒకటి ఉన్నాయి. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఇంకా ఇవ్వలేదు. చెస్ట్ స్టాండు (ఛాతీ ఎక్స్‌రేకి నిలబెట్టే చోటు) ఉన్న గోడకు అవతలే పేషెంట్లు కూర్చునే బెంచీలు. ఫిల్ములు గ్రెయిన్‌గా, అంటే చుక్కలు చుక్కలుగా వస్తున్నాయని డాక్టరుగారు కోప్పడుతున్నారు. వచ్చే ఏడాది సీటీ పెడతారట. పెళ్ళి కావలసిన పిల్ల, రేపు పిల్లలు పుట్టకపోతే ఎలా అని ఇంట్లోవాళ్ళు ఉద్యోగం మానెయ్యమంటున్నారు. అన్నిటికీ జవాబు చెప్పాలంటే పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఇంట్లోవాళ్ళ భయం. మగవారిలో వీర్యకణాలు తాత్కాలికంగా తగ్గాలన్నా ఒకేసారి దాదాపు 100 మిల్లీగ్రే (ఒంట్లో చేరిన రేడియేషన్ కొలత, అంటే డోసు) బీజాలకు తగలాలి. ఆడవారిలో అండాశయాలు శాశ్వతంగా దెబ్బతినాలంటే 2500 మిల్లీగ్రే పైమాట. మన దేశంలో ఎక్స్‌రే విభాగాల సిబ్బందికి బ్యాడ్జిల మీద నమోదయ్యే సగటు డోసు ఏడాది మొత్తానికి 1 మిల్లీసీవర్టు కూడా ఉండదు. ఈ లెక్క వరకూ మిల్లీగ్రే, మిల్లీసీవర్టు ఒకటే అనుకోండి. భూమి నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రతి మనిషికీ వచ్చే సహజ రేడియేషన్ ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. మన నియంత్రణ సంస్థ ఏఈఆర్‌బీ ఉద్యోగికి పెట్టిన హద్దు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. బయటి జనానికి ఏడాదికి 1. ఈ అంకెలు కాగితం మీద రాసి అమ్మానాన్నలకు చూపించండి. పిల్లలు పుట్టరన్న భయానికి ఆధారం లేదని వాళ్ళకే అర్థమవుతుంది.

కానీ ఆ సగటు తక్కువగా ఉన్నది గోడలు, దూరం, అలవాట్లు సరిగ్గా ఉన్నచోట్ల కొలిచారు కాబట్టి. బ్యాడ్జే లేని చోట, చెస్ట్ స్టాండు వెనక బెంచీలున్న చోట ఆ అంకెను మీకు వర్తింపజేసుకోకూడదు. అందుకే మొదటి పని టీఎల్‌డీ.

రేడియేషన్ పని చేసేవాళ్ళకు బ్యాడ్జి ఇప్పించడం 2004 నాటి అటామిక్ ఎనర్జీ రేడియేషన్ ప్రొటెక్షన్ నిబంధనల ప్రకారం యాజమాన్యం బాధ్యత. 'మీరే కొనుక్కోండి', 'చిన్న ఆసుపత్రికి అక్కర్లేదు' అన్న మాటలు చెల్లవు. నోటితో అడిగి వదిలెయ్యకుండా మెడికల్ సూపరింటెండెంటు పేరుతో ఒక పేజీ అర్జీ రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. మిషను ఏఈఆర్‌బీ ఈలోరా పోర్టల్‌లో నమోదయిందా, రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసరుగా (ఆర్‌ఎస్‌ఓ) ఎవరి పేరుంది, చివరి క్యూఏ (మిషను నాణ్యత పరీక్ష) రిపోర్టు ఎప్పటిది అనే మూడు ప్రశ్నలూ అందులోనే పెట్టండి. మామూలు ఎక్స్‌రేకి రిజిస్ట్రేషన్, సీటీకి, క్యాథ్‌ల్యాబ్‌కి (గుండె రక్తనాళాల పరీక్ష గది) లైసెన్సు కావాలి. క్యూఏ రెండేళ్ళకోసారి జరగాలి. ఆర్‌ఎస్‌ఓగా గోడ మీద వేరే ఊరి డాక్టరు పేరు మాత్రమే ఉండి, ఆయన ఎప్పుడూ గదిలోకి రాకపోతే ఆ కాగితానికి విలువ లేదు.

బ్యాడ్జి వచ్చాక ఎక్కువగా జరిగే తప్పులు ఇవీ. దాన్ని ఛాతీ మీద, లెడ్ ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. పైన పెట్టుకుంటే ఏప్రాన్ ఆపిన రేడియేషన్ కూడా మీ ఖాతాలో పడుతుంది. డ్యూటీ అయ్యాక ఏప్రాన్‌కే వదిలేసి వెళ్తే మీరు ఇంట్లో ఉన్నా అది గదిలో స్కాటర్ (పేషెంటు ఒంటికి తగిలి చెదిరే కిరణాలు) పోగు చేసుకుంటూనే ఉంటుంది. ఒకరిది ఒకరు పెట్టుకోకూడదు. మీకు ఎక్స్‌రే తీయించుకోవాల్సి వస్తే తీసి పక్కన పెట్టండి. బ్యాచ్‌తో పాటు వచ్చే కంట్రోల్ బ్యాడ్జి రేడియేషన్ లేని చోట, ఆఫీసు బీరువాలో ఉండాలి. దాని రీడింగును అందరి రీడింగుల్లోంచి తీసేస్తారు, కాబట్టి దాన్ని ఎక్స్‌రే గదిలో తగిలిస్తే అందరి డోసూ తక్కువగా కనిపిస్తుంది. మూడు నెలలకోసారి మార్చాలి, ఆలస్యంగా పంపిన బ్యాడ్జికి లెక్క తప్పుతుంది. ఒక త్రైమాసికంలో 10 మిల్లీసీవర్టులు దాటితే విచారణ జరుగుతుంది. ఆ విచారణల్లో బ్యాడ్జి గదిలో మరిచిపోయారా అన్నది తప్పక అడిగే ప్రశ్న. సి-ఆర్మ్ రోజూ చేసే మనిషికి ఏడాది పొడుగునా సున్నాలే వస్తుంటే, అసలు పెట్టుకుంటున్నారా అని కూడా ఆర్‌ఎస్‌ఓ అడగాలి.

ఇప్పుడు గోడ. చెస్ట్ స్టాండు గోడ మీద నేరుగా కిరణం పడుతుంది, అందుకే దానికి 35 సెంటీమీటర్ల, అంటే పద్నాలుగు అంగుళాల ఇటుక గోడ కావాలి. కేవలం స్కాటర్ పడే మిగతా గోడలకు తొమ్మిదంగుళాలు చాలు. తలుపుకు దాదాపు 1.7 మిల్లీమీటర్ల సీసం రేకు. గాలికి, వెలుతురుకు వదిలిన కిటికీ ఏదైనా బయటి నేల నుంచి రెండు మీటర్ల పైన ఉండాలి. ఇక్కడ మన ఊళ్ళల్లో ఒక చిక్కుంది. ఆసుపత్రులు చాలావరకు పాత ఇళ్ళను మార్చి కట్టినవి. లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలే. కొత్త భవనాలేమో తేలిక సిమెంటు బ్లాకులతో లేస్తున్నాయి. నిబంధనలో చెప్పిన ఇటుక సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.6 గ్రాములు. ఆ తేలిక బ్లాకు (ఏఏసీ) సాంద్రత 0.6 దగ్గర. అంటే తొమ్మిదంగుళాల బ్లాకు గోడ చూడటానికి మందంగా ఉన్నా బరువులో మూడున్నర అంగుళాల ఇటుకతో సమానం. టేపు పెట్టి కొలిచి 'సరిపోయింది' అనుకోవద్దు, దేనితో కట్టారో మేస్త్రీని అడగండి. గోడలో స్విచ్‌బోర్డు పెట్టెలు, ఏసీ పైపు బెజ్జాలు ఎక్కడున్నాయో కూడా చూడండి. చెస్ట్ స్టాండు వెనక సరిగ్గా ఛాతీ ఎత్తులో స్విచ్‌బోర్డు దిగ్గొట్టి ఉంటే అక్కడ గోడ మందం సగమే.

గోడ పలుచనని తేలితే రెండు దారులు. ఒకటి స్టాండు వెనక 3 మిల్లీమీటర్ల సీసం రేకు, నేల నుంచి రెండు మీటర్ల ఎత్తు వరకు. రెండోది, ఖర్చు లేనిది, స్టాండును జనం లేని బయటి గోడకు మార్చడం. అవతల ఖాళీ స్థలమో, ఎవరూ నిలబడని సందో ఉంటే ఇంకా మంచిది. ఈలోగా బెంచీలు రేపే జరిపించండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కన్సోల్ (మిషను నడిపే బల్ల) ఎక్స్‌రే గదిలోనే ఉంటే మీరు నిలబడే తెరకు 1.5 మిల్లీమీటర్ల సీసం విలువ ఉండాలి, ట్యూబు నుంచి కనీసం మూడు మీటర్ల దూరం కావాలి. 125 కేవీ (కిలోవోల్టులు, కిరణం ఎంత చొచ్చుకుపోతుందో నిర్ణయించేది), ఆపైన పనిచేసే మిషనుకైతే కంట్రోల్ గది విడిగా ఉండాల్సిందే.

ఇక గ్రెయిన్. డాక్టరుగారి ఫిర్యాదూ, మీ రేడియేషన్ భయమూ ఒకే చోట కలుస్తాయి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. పాత ఫిల్ము రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లబడి తప్పు బయటపడేది. డీఆర్‌లోనూ, ప్లేటును రీడరులో పెట్టి చదివే సీఆర్‌లోనూ అలా జరగదు. నాలుగు రెట్లు ఎక్కువ ఇచ్చినా కంప్యూటరు సర్ది చక్కటి బొమ్మే చూపిస్తుంది. తక్కువ ఇస్తేనే గ్రెయిన్ వస్తుంది, తిట్లు పడతాయి. తిట్లు తప్పించుకోవడానికి టెక్నీషియన్ ఎంఏఎస్ (వదిలే కిరణాల మొత్తం) పెంచుతాడు, బొమ్మ బాగుంటుంది, అదే అలవాటవుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ ఊరి పేషెంట్లందరికీ అవసరమైనదానికి రెండు మూడు రెట్ల డోసు వెళ్తుంటుంది, ఎవరికీ తెలియదు. మీరు ఆ దారిన వెళ్ళకూడదని కోరుకుంటున్నాను.

దీనికి మందు స్క్రీన్ మూల కనిపించే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ (ఈఐ), ప్యానెల్‌కు ఎంత డోసు చేరిందో చెప్పే అంకె. కొత్త మిషన్లలో ఈఐ పక్కనే డీఐ అని మరో అంకె ఉంటుంది. డీఐ సున్నా అంటే అనుకున్న డోసే ప్యానెల్‌కు చేరిందని. +1 అంటే దాదాపు 26 శాతం ఎక్కువ, +3 అంటే రెట్టింపు, -3 అంటే సగం. పాత సీఆర్ ఉన్న చోట్ల కంపెనీని బట్టి అంకె మారుతుంది. ఫుజీ ఎస్ నంబరు తిరగబడి నడుస్తుంది: 200 ఉండాల్సింది 100 అయితే డోసు రెట్టింపయినట్టు, 400 అయితే సగమయినట్టు. కేర్‌స్ట్రీమ్‌లో ఈఐ 300 పెరిగితే రెట్టింపు. మీ మిషనులో చెస్ట్, నడుము, మోకాలు, చెయ్యికి టార్గెట్ అంకెలు ఎంత పెట్టారో ఇంజినీరును అడిగి రాయించుకుని కన్సోల్ పక్కన అంటించండి. ఒక నెలపాటు ప్రతి ఎక్స్‌పోజర్‌కీ డీఐ రాయండి. మీ తప్పు ఎటువైపుందో ఆ కాగితమే చెబుతుంది.

గ్రెయిన్ వచ్చిన వెంటనే ఎంఏఎస్ మీద చెయ్యి వెయ్యకండి. మొదట డీఐ చూడండి. అది మైనస్ మూడు దగ్గర ఉంటే నిజంగానే డోసు తక్కువ చేరింది. ఎందుకు చేరలేదన్నది తర్వాతి ప్రశ్న. 100 సెంటీమీటర్ల దూరానికి రాసుకున్న ఎంఏఎస్‌ను 180 దగ్గర వాడారా? దూరం అంత పెరిగితే 3.24 రెట్లు కావాలి. గ్రిడ్ (స్కాటర్‌ను ఆపే సీసపు పట్టీల పలక) తలకిందులుగా పెట్టారా? అలా పెడితే నడిమి పట్టీ మాత్రమే బాగుండి రెండు పక్కలా తెల్లబోతుంది. 100 సెంటీమీటర్ల ఫోకస్ గ్రిడ్‌ను 180లో వాడినా అంచులు ఇలాగే తగ్గుతాయి. ట్యూబు గ్రిడ్ మధ్యకు రాకపోతే బొమ్మంతా ఒకేలా గ్రెయిన్ వస్తుంది, దీన్నే చాలామంది మిషను లోపమనుకుంటారు. డీఐ సున్నా దగ్గరే ఉండి కూడా గ్రెయిన్ ఉంటే అనాటమీ బటన్ తప్పు నొక్కారేమో చూడండి. మోకాలికి చెస్ట్ ప్రాసెసింగ్ పడితే బొమ్మ చెడుతుంది, డోసుకు సంబంధం లేదు. దాన్ని మళ్ళీ తీయకూడదు, మళ్ళీ ప్రాసెస్ చెయ్యాలి. అదీ కాకపోతే ప్యానెల్ కాలిబ్రేషన్ ఎప్పుడు చేశారో అడగండి. కావలిలాంటి సముద్రం దగ్గరి ఊళ్ళో తేమ ఎక్కువ, రోహిణి కార్తెలో గది కొలిమిలా ఉంటుంది. రాత్రి ఏసీ ఆపేసి పొద్దున్న మిషను వేయగానే మొదటి పేషెంటును ఎక్కిస్తే ప్యానెల్ ఇంకా కుదురుకుని ఉండదు. ఏసీ వేసి, ప్యానెల్‌ను కనీసం అరగంట ఆన్‌లో ఉంచి, ట్యూబును మాన్యువల్లో చెప్పిన చిన్న ఎక్స్‌పోజర్లతో వేడెక్కించి మొదలుపెట్టండి. సీఆర్ వాడేచోట రాత్రంతా ఊరికే ఉన్న ప్లేట్లను పొద్దున్నే ఒకసారి ఎరేజ్ చెయ్యాలి, సహజ రేడియేషన్, ఇతర గదుల స్కాటర్ వాటి మీద మచ్చలా పేరుకుంటాయి.

పెద్దవాళ్ళ చెస్ట్ పీఏకి (వీపు వైపు నుంచి తీసేది) 180 సెంటీమీటర్లు, గ్రిడ్ ఉంటే 110 నుంచి 120 కేవీ, 2 నుంచి 4 ఎంఏఎస్ దగ్గర మొదలుపెట్టి డీఐ చూసి సర్దుకోండి. కేవీ 15 శాతం పెంచితే ఎంఏఎస్ సగం చెయ్యొచ్చు, చర్మానికి తగిలే డోసు తగ్గుతుంది. పాత 100 ఎంఏ మొబైల్‌తో చెస్ట్ తీస్తే 10 ఎంఏఎస్‌కు సెకనులో పదో వంతు పడుతుంది. ఆయాసంతో ఉన్న ముసలాయన ఊపిరి బిగబట్టలేడు, గుండె అంచు మసకబారుతుంది, మళ్ళీ తీస్తారు. అందుకే నడవగలిగిన పేషెంటును వార్డులో తీయకుండా గదికి తీసుకురండి. సింగిల్ ఫేజ్ పాత మిషనుకు లైన్ వోల్టేజీ నాబ్ ఉంటే ప్రతి ఎక్స్‌పోజర్‌కు ముందు సర్దాలి. పంపుసెట్లు, రొయ్యల చెరువుల ఏరేటర్లు నడిచే ఫీడరు మీద వోల్టేజీ పడితే మీరు పెట్టిన 70 కేవీ నిజానికి 70 ఉండదు.

కొలిమేషన్, అంటే కిరణాన్ని కావలసిన మేరకే కుదించడం గురించి ఒక గట్టి మాట. కిరణం హద్దు చూపే లైటు పూర్తిగా తెరిచి తీసి, తర్వాత మౌస్‌తో కత్తిరించడం మోసం. బొమ్మ చిన్నదవుతుంది, పేషెంటు తిన్న డోసు చిన్నదవదు. పైగా తెరిచిన మేరకు స్కాటర్ పెరిగి కాంట్రాస్టు చస్తుంది. లైటు ఉన్న చోటే కిరణం పడుతోందా అన్నది నెలకోసారి చూడటానికి నాలుగు రూపాయి బిళ్ళలు చాలు. 100 సెంటీమీటర్ల దూరంలో ప్యానెల్ మీద లైటు హద్దుల అంచున నాలుగువైపులా బిళ్ళలు పెట్టి తక్కువ ఎక్స్‌పోజర్ ఇవ్వండి. బొమ్మ అంచు బిళ్ళల అంచు కంటే ఏ పక్కకైనా 2 సెంటీమీటర్లు మించి జరిగితే ఇంజినీరును పిలవాలి. బల్బు మార్చినప్పుడు అద్దం కదలడమే దీనికి తరచు కారణం.

రిపీట్లకు (మళ్ళీ తీసిన ఎక్స్‌రేలకు) ఒక పుస్తకం పెట్టండి: తేదీ, భాగం, కారణం. పొజిషనింగు, కదలిక, ఎక్స్‌పోజర్, వస్తువులు, మిషను అని అయిదు కారణాలు చాలు. డీఆర్‌లో డిలీట్ నొక్కితే జాడ లేకుండా పోతుంది కాబట్టి రిజెక్ట్ లాగ్ ఆన్ చేయించి, కారణం రాయకుండా తీసేయడం కుదరకుండా చేయించండి. మొత్తంలో 8 శాతం లోపు ఉంటే సరే, 10 దాటితే కూర్చుని చూడాలి. మన దగ్గర 'వస్తువులు' పెద్ద పద్దు: తాళిబొట్టు, మొలతాడు, తాయెత్తు, జడపిన్నులు, చొక్కా జేబులో పొగాకు డబ్బీ. తాళి తీయనంటే బలవంతం చెయ్యక్కర్లేదు. మెడ మీదికి జరిపి టేపు వేసి తీసుకోవచ్చు. తీసే భాగానికి అడ్డం రాకుండా ఉంటే చాలు.

మీ చుట్టుపక్కల ప్రాంతాల నుంచి వచ్చే కొన్ని కేసులకు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. కనిగిరి, ఉదయగిరి వైపు నుంచి వచ్చే ఫ్లోరోసిస్ పేషెంట్ల ఎముక సున్నం పేరుకుని గట్టిగా ఉంటుంది. మామూలు సెట్టింగు నడుముకి, కటికి చాలదు. ఎంఏఎస్ రెట్టింపు చేసే బదులు కేవీ 5 నుంచి 8 పెంచండి. అనుమానం ఉన్నప్పుడు ముంజేయి ఏపీ (ఎదురుగా), లేటరల్ (పక్క నుంచి) బాగా తీస్తే చాలు. రెండు ఎముకల మధ్య పొర సున్నమవడం అందులో తెలుస్తుంది, నడుముకి పెద్ద డోసు ఇవ్వక్కర్లేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసినవాళ్ళ చెస్ట్ ఎక్స్‌రే సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) కోసం చదువుతారు. అందులో వెతికే మచ్చల్లో చిన్నవి 1.5 మిల్లీమీటర్ల లోపే. డోసు తక్కువై గ్రెయిన్ వస్తే ఆ గ్రెయినే మచ్చల్లా కనిపిస్తుంది. ఎడ్జ్ ఎన్‌హాన్స్‌మెంట్ (అంచులను పదును చేసే ప్రాసెసింగ్) ఎక్కువ పెట్టినా అదే గోల. ఈ ఫిల్ము మీద ఒక మనిషి పరిహారం ఆధారపడి ఉండొచ్చు. ఊపిరి పూర్తిగా పీల్చి, భుజాలు ముందుకు తోయించి, ప్రాసెసింగ్ మామూలుగా ఉంచి తీయండి. పీల్చుకున్నది చాలదనిపిస్తే పేషెంటు దిగక ముందే స్క్రీన్ చూసి నిర్ణయించుకోవాలి.

వార్డులో మొబైల్ తీసేటప్పుడు నర్సులు పరుగెత్తి వెళ్ళిపోతుంటారు. దూరం ఎంత పని చేస్తుందో వాళ్ళకు చెప్పండి. పేషెంటు ఒంటి నుంచి ఒక మీటరు దూరంలో స్కాటర్, అతని చర్మానికి తగిలినదానిలో సుమారు వెయ్యో వంతు. చెస్ట్‌కు చర్మం మీద 0.2 మిల్లీగ్రే అనుకుంటే మీటరు దూరంలో 0.2 మైక్రోగ్రే, రెండు మీటర్లలో 0.05. అలా వంద చెస్టులు తీసినా రెండు మీటర్లలో నిలబడినవారికి 5 మైక్రోగ్రే. సహజ రేడియేషన్ ఒక రోజులో ఇచ్చేదే 6 పైన. కాబట్టి స్విచ్ వైరు రెండు మీటర్లూ పూర్తిగా చాచి, కిరణం పోయే దిక్కున కాకుండా ట్యూబు వెనక నిలబడి తీస్తే చాలు. పక్క మంచం కిరణానికి ఎదురుగా ఉండకుండా చూడండి. ఎక్స్‌పోజర్ ఆగిన క్షణమే రేడియేషన్ కూడా ఆగుతుంది, స్విచ్ తీస్తే బల్బు వెలుగు గదిలో మిగలనట్టే. గాలిలో ఏమీ ఉండిపోదు.

పిల్లల్ని పట్టుకోవడానికి ప్రతిసారీ మీరో, వార్డు బాయో వెళ్ళకూడదు. ఈ పనిలో సిబ్బందికి అనవసరంగా డోసు వచ్చే పెద్ద దారి ఇదే. ముందు ఇసుక సంచులు, పట్టీలు, దుప్పటి చుట్టడం. కుదరకపోతే బిడ్డ తండ్రో, మేనమామో ఏప్రాన్ వేసుకుని, కొలిమేటర్ లైటులోకి చెయ్యి రాకుండా పట్టుకోవాలి. గర్భిణి పట్టుకోకూడదు. పది పన్నెండు సెంటీమీటర్ల కంటే పలుచని ఒంటికి గ్రిడ్ అక్కర్లేదు, తీసేస్తే డోసు బాగా తగ్గుతుంది.

ఇక సి-ఆర్మ్. జాతీయ రహదారి 16 పక్క ఊరు మీది, కాలు విరిగి రాడ్ వేసే కేసులు రోజూ ఉంటాయి. మీకు నిజంగా డోసు వచ్చే చోటు ఇదే. ట్యూబు బల్ల కింద, డిటెక్టరు పైన ఉండాలి. కిరణం ఒంట్లోకి దిగే వైపే స్కాటర్ ఎక్కువ వెనక్కి చిమ్ముతుంది. అది కింద ఉంటే కాళ్ళకు పోతుంది, పైన ఉంటే సర్జన్ కళ్ళకూ మెడకూ తగులుతుంది. డిటెక్టరును ఒంటికి వీలైనంత దగ్గరగా తేవాలి. తుంటి లేటరల్ తీసేటప్పుడు ట్యూబు ఉన్న వైపు ఎవరూ నిలబడకూడదు, డిటెక్టరు వైపుకు రమ్మనండి. కొత్త టెక్నీషియన్లు సర్జన్‌గారికి చెప్పడానికి జంకుతారు. 'సార్, ఒక అడుగు ఇటు' అనడం మీ పనిలో భాగమే. చెబితే చాలామంది వింటారు. ఎప్పుడూ చెప్పకపోవడం వల్లే అలవాటు మారలేదు.

పల్సుడ్ మోడ్ (కిరణం ఆగి ఆగి వచ్చే పద్ధతి) ఉంటే రాడ్ వేసే పనికి సెకనుకు 7 లేదా 8 పల్సులు చాలు, కంటిన్యువస్ అక్కర్లేదు. మ్యాగ్నిఫికేషన్ నొక్కిన ప్రతిసారీ డోసు పెరుగుతుంది, స్క్రూ బెజ్జం వెతకడానికి వాడి వెంటనే తీసెయ్యాలి. ఆఖరి బొమ్మ స్క్రీన్ మీద నిలిచే ఉంటుంది. దాన్ని చూస్తూ మాట్లాడుకోవచ్చు, పెడల్ తొక్కి పట్టి మాట్లాడుకోవడం వద్దు. అయిదు నిమిషాలకు మోగే అలారాన్ని ఊరికే రీసెట్ చెయ్యకుండా 'సార్, అయిదు నిమిషాలయింది' అని పైకి చెప్పండి. కేసు అయ్యాక స్క్రీనింగ్ సమయం, డీఏపీ (డోసును కిరణం పడిన వైశాల్యంతో గుణించిన) అంకె రిజిస్టరులో రాయండి. కిరణంలోకి సర్జన్ చెయ్యి వస్తే ఆపెయ్యండి. లెడ్ గ్లవ్స్ ఉన్నాయి కదా అని చెయ్యి పెడితే, ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ ఆ సీసాన్ని చూసి డోసు ఇంకా పెంచేస్తుంది.

ఏప్రాన్ 0.25 మిల్లీమీటర్ల సీసం కనీసం. సి-ఆర్మ్ థియేటర్లో 0.5 మేలు, అది స్కాటర్‌లో నూటికి తొంభై పైగా ఆపుతుంది. థైరాయిడ్ కాలర్ కూడా వేసుకోండి. అటూ ఇటూ తిరిగే సిస్టరుకు ముందే కాక వెనక కూడా కప్పేది కావాలి. మడతపెట్టి బల్ల మీద పడేసిన ఏప్రాన్ లోపల చీలుతుంది, పైకి కనిపించదు. వెడల్పాటి కొక్కేనికి వేలాడదీసి, ఏడాదికోసారి సి-ఆర్మ్ కింద పరిచి చూసి, పగిలినవాటిని పక్కన పెట్టండి.

మీరు గర్భవతి అయిన రోజు ఆర్‌ఎస్‌ఓకి రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటి నుంచి కాన్పు వరకు బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించకూడదు. దీనికి ఉద్యోగం మానక్కర్లేదు. సి-ఆర్మ్, మొబైల్ పనులు వదిలి, గోడ వెనక కన్సోల్ పని చేసుకోవచ్చు. పొట్ట మీద ఏప్రాన్ లోపల ఇంకో బ్యాడ్జి అడగండి.

ఆడ పేషెంట్లను 'ప్రెగ్నెంటా' అని అందరి ముందు అరిచి అడిగితే నిజం చెప్పరు, పెళ్ళికాని పిల్ల అసలే చెప్పదు. అత్తగారిని బయట కూర్చోబెట్టి, మెల్లగా, 'నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా, నెల తప్పిందా' అని అడిగి తేదీ రాసుకోండి. చెస్ట్, చెయ్యి, కాలు, తల తీయడానికి గర్భం అడ్డు కాదు. సరిగ్గా కొలిమేట్ చేసిన చెస్ట్‌లో గర్భానికి చేరేది 0.01 మిల్లీగ్రే కూడా ఉండదు. పొట్ట, కటి సీటీ అయితే వాయిదా వెయ్యొచ్చా, అల్ట్రాసౌండ్ సరిపోతుందా అని డాక్టరు నిర్ణయించాలి. తెలియక తీసేశాక గర్భమని తేలితే కంగారుపడి గర్భం తీయించుకోమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. పొట్ట సీటీ ఒకసారి తీస్తే గర్భానికి చేరేది సాధారణంగా 25 మిల్లీగ్రే దగ్గర. 100 లోపు డోసును కారణంగా చూపి గర్భం తీయించడానికి ఆధారం లేదు. కేవీ, ఎంఏఎస్, ఎన్ని బొమ్మలో రాసిపెట్టి మెడికల్ ఫిజిసిస్టుతో లెక్క కట్టించాలి. ఇంకో మాట, పేషెంటు బీజాల మీద సీసం ముక్క పెట్టే పాత అలవాటు ఇప్పుడు మామూలుగా అవసరం లేదంటున్నారు. అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లోనే ఈ మాట చెప్పింది. ముక్క జరిగి తుంటిని కప్పేస్తే మళ్ళీ తీయాలి, ఎక్స్‌పోజర్‌ను తనంతట ఆపే ఏఈసీ సెన్సరు మీద పడితే డోసు పెరుగుతుంది. కొలిమేషన్ సరిగ్గా ఉంటే దాని అవసరం తీరిపోతుంది.

సీటీ వచ్చేనాటికి ఇవి ముందే అడిగి పెట్టుకోండి. గది 25 చదరపు మీటర్లకు తక్కువ కాకూడదు, కొనడానికి ముందే ఈలోరాలో అనుమతి కావాలి. పిల్లల ప్రోటోకాళ్ళు వయసు, బరువు ప్రకారం మిషనులో వేసి ఇవ్వమని అప్లికేషన్ ఇంజినీరును పట్టుబట్టండి, అతను వెళ్ళిపోయాక ఎవరూ వెయ్యరు. పేషెంటును గ్యాంట్రీ (సీటీ మిషను గుండ్రటి చట్రం) మధ్యకు తేవడం మీద శ్రద్ధ పెట్టండి. ముందు తీసే స్కానోగ్రామ్ బొమ్మలో ట్యూబుకు దగ్గరైతే ఒళ్ళు లావుగా కనిపించి మిషను ఎంఏ పెంచేస్తుంది. ప్లెయిన్, ఆర్టీరియల్, వీనస్, డిలేడ్ అని నాలుగు ఫేజులూ (కాంట్రాస్టు మందుకు ముందు, తర్వాత వేర్వేరు సమయాల్లో తీసే స్కాన్లు) ప్రతివాడికీ తీస్తే డోసు దాదాపు నాలుగింతలు. రేడియాలజిస్టును అడిగి, కావలసిన ఫేజు మాత్రమే తీయండి. బటన్ నొక్కే ముందు స్క్రీన్ మీద సీటీడీఐ (ఆ స్కాన్ డోసు చెప్పే అంకె) చూడండి: పెద్దవాళ్ళ తలకు 50 నుంచి 60 మిల్లీగ్రే, పొట్టకు 10 నుంచి 15 మామూలు. నాలుగేళ్ళ పిల్లవాడి పొట్టకు 15 కనిపించిందంటే పెద్దవాళ్ళ ప్రోటోకాల్ తెరిచి ఉంది, ఆపి మార్చండి. స్కాన్ అయ్యాక వచ్చే డోస్ రిపోర్టు పేజీని కూడా బొమ్మలతో పాటే ప్యాక్స్‌కి (బొమ్మలు భద్రపరిచే కంప్యూటరు వ్యవస్థ) పంపండి.

ఎప్పుడైనా ఈ ఉద్యోగం మారితే మీ టీఎల్‌డీ పర్సనల్ నంబరు, డోసు రికార్డు కాపీ తీసుకుని వెళ్ళండి. ఆ నంబరు మీకు జీవితాంతం ఒకటే. కొత్త ఆసుపత్రి మరో నంబరు తెరిపించకుండా దాని మీదే బ్యాడ్జి తెప్పించాలి, లేకపోతే అయిదేళ్ళ లెక్క రెండు ముక్కలవుతుంది.